తుంటికి ఫాల్

భవానీపురం, విజయవాడ
12 జూన్ 2023

చిరంజీవి ధనుంజయ్‌కి,

ముందు నీ తప్పు దిద్ది, తరవాత ఆశీర్వదిస్తాను. "నాకు తుంటి ఎముక అరిగిందట అమ్మమ్మా" అని రాశావు. అరగలేదు నాయనా, చచ్చింది. అరగడం వేరు, చావడం వేరు. అరిగేవి నా చెప్పులు, మీ నాన్న ఓపిక. ఎముక బతికున్న వస్తువు. దానికీ రక్తం అందాలి. తొడ ఎముక తల బంతిలా ఉండి, నడుము ఎముకలో ఉన్న గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. ఆ బంతికి రక్తం తెచ్చే నాళాలు మరీ సన్నం. అవి మూసుకుపోతే బంతిలో కొంత చచ్చిపోతుంది. చచ్చినదాని మీద నువ్వు నిలబడి చీరలు మడతపెడుతూ ఉంటే, ఏదో ఒకనాడు కోడిగుడ్డు పెంకులా లోపలికి నొక్కుకుపోతుంది.

ఈ 'బంతి గిన్నె కీలు' పాఠం జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు చెప్పాను. ఇంటి నుంచి ఒక గుంటగరిటె, ఒక నిమ్మకాయ పట్టుకెళ్ళి తిప్పి చూపించేదాన్ని. ఆ పాఠంలో పిల్లలకి గుర్తున్నదల్లా గంట కొట్టాక నిమ్మకాయ ఎవరికి ఇస్తాననే. నా బోధన అంత గొప్పది.

ఎందుకు చచ్చింది అని అడిగావు. రెండేళ్ళ కిందట, ఆ పాడు జబ్బులో మనిద్దరం ఒకే వార్డులో పడి ఉన్నప్పుడు, ఊపిరి నిలబెట్టింది స్టీరాయిడ్ ఇంజెక్షన్లే. అవి ఒక్కొక్కరికి తరవాత తుంటి మీదకి వస్తాయట. ఆ మందును తిట్టను. అది లేకపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని నేనూ లేను, తప్పులు రాసేవాడివి నువ్వూ లేవు. తుంటి మీద కొడితే పళ్ళు రాలాయని సామెత. మన ఇంట్లో సామెతలు కూడా తిరగబడే వస్తాయి. ఊపిరితిత్తులకి మందు వేస్తే తుంటి రాలింది.

కనక మంచి ఎముకల డాక్టరుకి వెంటనే చూపించు. బంతి గుండ్రంగా ఉండగానే వెళ్ళాలి.

ఫోను చేయక ఉత్తరాలేమిటని రాజ్యశ్రీ నవ్వుతోందని రాశావు. మీ ఆవిడతో చెప్పు, ఈ ఇంట్లో ఫోను మోగితే మీ మల్లీశ్వరి పిన్ని స్పీకరు పెట్టి, పప్పు కడుగుతూ, మధ్యలో తీర్పులు చెబుతుంది. నా దస్తూరి మాత్రం దానికి అంతుపట్టదు.

నా సంగతా, దుక్కలా ఉన్నాను. మేడ మీద ఫ్యాను కిర్రుమంటోందని కింద హాల్లో పడుకుంటున్నాను. కొత్త చెప్పులు కరుస్తున్నాయని కృష్ణ ఒడ్డున నడక మానేశాను. మోకాలు కాస్త పట్టేస్తే పిన్ని నూనె రాస్తోంది. దానివల్ల మోకాలు తప్ప మిగతా ఇల్లంతా సుఖంగా ఉంది.

దీర్ఘాయుష్మాన్ భవ. 'తుంటి'కి టకారం రాసి 'టుంటి' అన్నావు. ఉత్తరం దిద్ది వెనక పెట్టాను.

అమ్మమ్మ


ఉయ్యూరు
26 జూన్ 2023

అమ్మమ్మకి,

ఈసారైనా ఎర్ర సిరా తగలకూడదని ప్రతి మాటా రెండుసార్లు చూసుకుని రాస్తున్నాను.

బెంజ్ సర్కిల్ దగ్గర ఆస్పత్రికి వెళ్ళాం, నేను, నాన్న, రాజ్యశ్రీ. డాక్టరు చిన్నవాడే. తెలుగులో ఓపిగ్గా చెప్పాడు. స్కాన్‌లో చచ్చిన భాగం తక్కువేనట, బంతి ఇంకా గుండ్రంగానే ఉందట. ఇప్పుడే చేయిస్తే తల కోయక్కర్లేదు, పైన కొంచెం చెక్కి లోహపు టోపీ తొడుగుతారు, గిన్నెలో లోహపు అస్తరు వేస్తారు. రీసర్ఫేసింగ్ అంటారట. నా వయసువాడికి, ఎముక గట్టిగా ఉన్నవాడికి ఇది మంచిదన్నాడు. ఆలస్యం చేసి బంతి కుంగిపోతే మాత్రం టోపీ నిలబడదు, తల మొత్తం తీసేసి కాడతో సహా కొత్తది దించాలి. అదీ మంచి ఆపరేషనే, కానీ ముప్ఫై ఆరేళ్ళవాడికి ముందు ముందు మళ్ళీ మార్చాల్సి రావచ్చట.

ఇంతవరకూ బాగానే ఉంది. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి, నాన్న వైపు తిరిగి, "ఏం లేదండీ, మీవాడికి టోపీ పెడతాం, అంతే" అన్నాడు.

బట్టల కొట్టువాడితో అనాల్సిన మాటేనా అది. సరుకు పట్టుకుపోయి మొహం చాటేసిన పార్టీలన్నీ నాన్న కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. లేచి నిలబడ్డాడు.

"ఏరా, టోపీ పెడతామని వాళ్ళ నోటితో వాళ్ళే చెబుతుంటే ఇంకా కూర్చున్నావేంటి? లే."

రాజ్యశ్రీ ఆయనకి సర్దిచెప్పేలోపు మేం కారిడార్‌లో ఉన్నాం. ఆ సాయంత్రానికి ఉయ్యూరు బజారంతా తెలిసిపోయింది. పాండురంగయ్యగారికి టోపీ పెట్టబోతే ఆయన తప్పించుకొచ్చాడని.

ఇప్పుడు నాన్న లెక్క ఇది. వచ్చేది అధిక శ్రావణం, కొత్త పనులు మొదలుపెట్టకూడదు. తరవాత నిజ శ్రావణం, వరలక్ష్మీ వ్రతాల గిరాకీ, కొట్టు వదిలే ప్రశ్నే లేదు. ఆపైన దసరా. ఆపైన కార్తీకం పెళ్ళిళ్ళు. మరి నా బంతి ఈ పంచాంగం చూసుకుని కుంగుతుందో లేదో.

నీతో అబద్ధం ఎందుకు, నాన్న లేచినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. భయం ఆపరేషన్ గురించి కాదు. మళ్ళీ పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలనా అని. చీర అమ్మేవాడు కింద కూర్చునే విసరాలి అమ్మమ్మా, అప్పుడే పమిట చెంగు వెళ్ళి కొనేవాళ్ళ మోకాళ్ళ దగ్గర వాలుతుంది. ఇప్పుడు నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విసురుతున్నాను. నిన్న ఒకావిడ నెత్తిన పడింది.

ధనుంజయ్


భవానీపురం
8 జులై 2023

చిరంజీవి ధనుంజయ్‌కి,

తప్పులు లేవు. ఆశ్చర్యంగా ఉంది. రాజ్యశ్రీ చూసి పెట్టిందని నా అనుమానం.

మీ నాన్నని ఏమీ అనకు. ఆయనకి తెలిసిన భాషలో ఎవరూ చెప్పలేదు. రేపు కొట్టు కట్టేసే ముందు ఆయన పక్కన కూర్చుని ఇలా అడుగు. "నాన్నా, మంచి పట్టుచీర. పోగు గట్టిగా ఉంది, రంగు దిగలేదు. కింద అంచు ఒక్కచోట నేలకి రాసుకుని చీకుతోంది. చీర పారేస్తామా, ఫాల్ కుడతామా?" ఆయన ఫాల్ అంటారు. అప్పుడు చెప్పు, డాక్టరు నా తుంటికి ఫాల్ కుడతానంటున్నాడు, ఆలస్యమైతే చీరే మార్చాల్సి వస్తుందంటున్నాడు అని. ఇక టోపీ అనే మాట మీ ఇంట్లో ఎత్తవద్దు. జీవశాస్త్రం పంతులమ్మకి ఇన్నేళ్ళకి ఒక మంచి ఉదాహరణ తట్టింది, అదీ నిమ్మకాయ ఖర్చు లేకుండా.

అధిక మాసంలో కొత్త పని కూడదన్నారా? ఆపరేషన్ శుభకార్యం ఎప్పుడయింది? శుభలేఖలు అచ్చేయిస్తున్నారా? పైగా అధిక మాసంలో చీర కొనే మనిషి కృష్ణా జిల్లాలో ఉండదు. కొట్టు ఎటూ ఈగలు తోలుకుంటుంది. అంతకంటే మంచి నెల నీకు దొరకదు.

బాసింపట్టు సంగతి డాక్టరునే అడుగు. వద్దంటే వద్దు, కొన్నాళ్ళాగి వేయవచ్చంటే వెయ్యి. అడగకుండానే భయపడడం నీకు మా వైపు నుంచి వచ్చింది.

నాన్చకు. ఈ జబ్బు మాయదారిది. తుంటిలో ఉండి తుంటిలో కనపడదు. గజ్జలో గుచ్చుతుంది, మోకాల్లో లాగుతుంది, మనం బుద్ధిగా మోకాలికి నూనె రాసుకుంటూ కూర్చుంటాం. ఆటో ఎక్కాలంటే ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఎడమకాలిని సామానులా లేవదీసి లోపల పెట్టుకోవాలి. పక్కకి ఒత్తిగిలాలంటే మంచంతో సంప్రదింపులు జరపాలి. తుమ్ము వస్తే ముందు గోడ వెతుక్కోవాలి. ఇన్ని పడుతూ కూడా పరవాలేదు పరవాలేదని తిరిగేవాడిని ధైర్యవంతుడు అనరు, మొద్దు అంటారు.

తారీఖు ఖాయం చేసి రాయి.

అమ్మమ్మ


ఉయ్యూరు
17 జులై 2023

అమ్మమ్మకి,

ఫాల్ పనిచేసింది. నాన్న లేచి చీరల బీరువాకి తాళం వేసి వచ్చాడు. తరవాత, "ఆ డాక్టరు ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా" అన్నాడు. ఇప్పుడు ఆయనే బజారులో అందరికీ చెబుతున్నాడు, మావాడికి ఫాల్ కుట్టిస్తున్నాం అని. ఆగస్టు మొదటి వారంలో ఆపరేషన్. బాసింపట్టు గురించి డాక్టరుని అడిగాను. మొదట్లో వద్దు, ఎముక కుదురుకున్నాక ఎక్స్‌రే చూసి చెబుతాను, ఆశ వదులుకోవద్దు అన్నాడు.

ఇక నీ ఉత్తరం. మొదటిసారి నేను నీ తప్పు దిద్దుతున్నాను.

అమ్మమ్మా, నేను ప్యాంటు వేసుకుంటాను. నాకు నొప్పి కుడి తుంటిలో. ఎడమకాలు ఎవరిది? ఆ కుచ్చిళ్ళు ఎవరివి?

చీరలు అమ్ముకు బతికేవాడి దగ్గర కుచ్చిళ్ళు దాస్తే ఎలా? ఇప్పుడు పాత ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. మేడ మీద ఫ్యాను కిర్రుమంటోందా, మెట్లు ఎక్కలేకపోతున్నావా? చెప్పులు కరుస్తున్నాయా? అదే వార్డు, అవే ఇంజెక్షన్లు, నాకు రాలితే నీకు రాలకూడదని ఏ సామెత చెప్పింది?

నేను బల్ల మీదకి ఎక్కే లోపు నువ్వు ఎక్స్‌రే తీయించుకోవాలి.

ధనుంజయ్


భవానీపురం
24 జులై 2023

చిరంజీవి ధనుంజయ్‌కి,

కుచ్చిళ్ళు అన్నది ఉపమానం. ఎడమ అన్నది చేతిపొరపాటు. పాఠం చెప్పేటప్పుడు పంతులమ్మ తన ఒంటి మీద చూపించి చెప్పడం బోధనా పద్ధతుల్లో ఒకటి. ఇందులో పరిశోధించడానికేమీ లేదు.

డెబ్బై అయిదు దగ్గరపడ్డ ఒంట్లో ఏదో ఒకటి మూలుగుతూనే ఉంటుంది. ఏదీ మూలగకపోతే అప్పుడు కంగారుపడాలి.

నీ ఆపరేషన్ నాడు ఆస్పత్రికి వస్తాను. భవానీపురం నుంచి బెంజ్ సర్కిల్ ఎంత దూరమని. నువ్వు కళ్ళు తెరిచేసరికి నీ మంచం పక్కన ఉంటాను. మాట.

రాజ్యశ్రీని ధైర్యంగా ఉండమను.

వెంకటరావమ్మ


ఉయ్యూరు
29 ఆగస్టు 2023

అమ్మమ్మకి,

కిందటి ఉత్తరంలో 'అమ్మమ్మ' అని కాక 'వెంకటరావమ్మ' అని సంతకం పెట్టావు. హెడ్మిస్ట్రెస్ కోపం వచ్చిందని అర్థమై అప్పటికి ఊరుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. నడుముకి మత్తు ఇచ్చారు. తలకి మాత్రం తెలివి ఉంది, నా విషయంలో ఇంతకాలం ఉన్నంతే. తెర అవతల సుత్తి చప్పుళ్ళు వినపడ్డాయి. నొప్పి లేదు కానీ ఒళ్ళంతా అదురుతోంది, మా కొట్టుకి షట్టరు బిగించిన రోజులా. టోపీ సరిగ్గా కూర్చుందని డాక్టరు చెప్పాడు. ఫాల్ అనండి సార్ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, మత్తులో ఉన్నాననుకున్నాడు.

రెండో రోజే వాకర్ ఇచ్చి నిలబెట్టారు. ఇప్పుడు చేతికర్ర మీదకి వచ్చాను. మొన్న వరలక్ష్మీ వ్రతానికి ముందు కొట్టులో ఎత్తు కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. పరుపు మీద నాన్న కూర్చుని విసిరాడు. ఆయన విసిరిన చీరలు ఎవరి నెత్తినా పడలేదు. గజ్జలో ఆ గుచ్చుడు లేదు అమ్మమ్మా. అది లేకపోవడమే మొదటి రెండు రోజులూ వింతగా ఉంది. వాకర్ ఇక మూల పడేశాను. కొట్టంతా ఈడ్చుకుంటూ తిరిగానేమో, దాని రబ్బరు బిళ్ళలు పాడయ్యాయి.

తరవాత గదిలో ఓ కునుకు తీసి నేను కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన అమ్మ ఉంది, రాజ్యశ్రీ ఉంది. పిన్ని క్యారేజీతో వచ్చింది. నువ్వు లేవు. నీకు తలనొప్పని పిన్ని చెప్పింది. చెబుతున్నప్పుడు నా మొహం కేసి చూడలేదు.

ఆ వార్డులో ఊపిరాడక పడి ఉన్నప్పుడు, ఆక్సిజన్ మాస్కు పక్కకి తీసి మరీ నా మంచం వైపు అరిచి, నా చేత పన్నెండో ఎక్కం చెప్పించిన మనిషివి. తలనొప్పికి ఆగవు.

నేను నీ మాట విన్నాను. బంతి కుంగకముందే వెళ్ళాను. నీది ఇప్పటికే కుంగిందేమో అని నాకు భయంగా ఉంది. ఇంక జోకులు రావడం లేదు.

ధనుంజయ్


భవానీపురం
27 సెప్టెంబరు 2023

చిరంజీవి ధనుంజయ్‌కి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఈ ఉత్తరం ఆలస్యమైంది. మొదటి వాక్యం దగ్గర కాగితాలు చింపుతూ కూర్చున్నాను. ఆ వాక్యం ఇది: నాకు భయం వేసింది.

నీ ఆపరేషన్ నాడు పొద్దున్నే తయారయ్యాను. మన వీధి ఆటో జక్కయ్య గుమ్మం ముందు ఆపాడు. ఒక చేత్తో కుచ్చిళ్ళు, రెండో చేత్తో కాలు. కాలు లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాను. వెనక పాలవ్యాను వాడు హారను కొడుతున్నాడు. జక్కయ్య వెనక్కి తిరిగి చూసి, మెల్లిగానే అడిగాడు.

"మామ్మగారూ, ఎక్కుతారా, పోనిమ్మంటారా?"

పోనిమ్మన్నాను. లోపలికొచ్చి తలనొప్పని పడుకున్నాను. నీకు ఇచ్చిన మాట అలా వీధిలోంచి వెళ్ళిపోయింది, నేను హాల్లోంచి దాని చప్పుడు వింటూ పడుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక అదే జక్కయ్యని పిలిచాను. ఈసారి పూజగదిలో పీట తెప్పించి ఆటో పక్కన వేయించాను. ముందు పీట, తరవాత ఆటో. మీ పిన్ని పట్టుకుంది, జక్కయ్య ముందు నుంచి చెయ్యి అందించాడు. ఎదురింటి అమలమ్మ గేటు దగ్గర నిలబడి ఎక్కడికండీ అని అడిగింది. ఈ వయసులో పీటలెక్కుతున్నానమ్మా, అక్షింతలు వేసి వెళ్ళు అన్నాను.

నీ డాక్టరే చూశాడు. ఎక్స్‌రేని దీపం పెట్టెకి తగిలించాడు. ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల మీద గుండ్రంగా గీసిన బంతి, నా ఒంట్లోది మాత్రం ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. ఎవరైనా విద్యార్థి అలా గీస్తే సున్నా వేసేదాన్ని. ఎన్నాళ్ళ నుంచి నొప్పి అని అడిగాడు. ఈమధ్యనేనండీ అన్నాను. వెనక నుంచి మీ పిన్ని, "శివరాత్రి నుంచండీ" అంది.

అక్కడికక్కడే బయటపడింది. దానికి మొదటినుంచీ తెలుసట. మొదటి రాత్రే మేడ మీదకి వెళ్ళి ఫ్యాను వేసి చూసిందట, కిర్రుమనలేదట. చెప్పులు కరుస్తున్నాయని నేనన్నా, తొడిగి నడిచిన గుర్తే లేక వాటి తోలు కొత్తగానే ఉందట. అడిగితే కరుస్తానని నూనె రాస్తూ ఊరుకుందట, నేనే చెబుతానని ఎదురుచూస్తూ. నీకు తెలుసు, దానికి తెలుసు, జక్కయ్యకి తెలుసు. జీవశాస్త్రం చెప్పినదాన్ని నేనొక్కదాన్నే మోకాలు అనుకుంటూ కూర్చున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా టోపీ పెట్టించుకున్నది నేను, పెట్టిందీ నేనే.

నాకూ ఫాల్ కుట్టండి అని అడిగాను. డాక్టరు ఈసారి నవ్వాడు, నువ్వు చెప్పి ఉంచావట. కుదరదన్నాడు. ఈ వయసు ఆడవాళ్ళ ఎముకకి అది నిలవదు, పైగా కుంగిపోయింది. చీర మార్చాల్సిందే. తల తీసేసి కొత్త తల. నొచ్చుకోబోయి ఆగాను. ఆ తల పనిచేసిన తీరు చూస్తే, పోతే పోయిందనిపించింది.

భయం దేనికంటే, చావుకి కాదు. అది ఆ వార్డులోనే చూశాం. ఆపరేషన్ తరవాత మంచంలో పడి, మీ పిన్ని చేత అన్నీ చేయించుకోవాలని. ఈ మాట దానితో అనేశాను, తిరుగు ప్రయాణంలో, ఆటో చప్పుళ్ళో వినపడదులే అనుకుని. అది బయటికి ఎగురుతున్న నా చెంగు లోపలికి లాగి సర్దింది. "నా ఉత్తరాలు కూడా దిద్దేదానివి చిన్నప్పుడు. ఇప్పుడు కొన్నాళ్ళు నేను దిద్దుతాను" అంది. అందులో నాకు దిద్దడానికి తప్పులేవీ దొరకలేదు.

దసరాకి ముందే చేయించుకుంటున్నాను. దసరా మొదలైతే దుర్గమ్మ భక్తుల మధ్యలోంచి భవానీపురం అంబులెన్సు కూడా కదలదు. డాక్టరు అక్టోబరు ఆరు, శుక్రవారం అన్నాడు, సరే అన్నాను.

ఇప్పుడు నీకో పని. నువ్వు మూల పడేసిన వాకర్ గురువారం తీసుకురా. దాని రబ్బరు బిళ్ళలు 'పాడయ్యాయి' అని రాశావు. చూశావా, ఇక్కడ 'అరిగాయి' అనాలి. బెంజ్ సర్కిల్ దగ్గర ఆస్పత్రి సామాన్ల కొట్లో కొత్తవి దొరుకుతాయి. పాత బిళ్ళ ఒకటి జేబులో వేసుకెళ్ళు, కొలత కుదరాలి. నాలుగూ మార్పించు, ఒక్కటే మారిస్తే వాకర్ కూడా నాలా కుంటుతుంది. ఎత్తు తగ్గించడం మరిచిపోకు. నేను నీ భుజం దాకానే వస్తాను.

అమ్మమ్మ